గోరీ ఉపాసం

గోరీ గుట్టు చీమలు బయటపెట్టాయి.

ఆడవాళ్ళ వార్డులో గోరీ పడుకునే నాలుగో మంచం వెనక ఒక కిటికీ ఉంది. ఆ కిటికీ చువ్వల దగ్గర మొదలై గోడ అడుగు దాకా ఎర్రచీమల బారు. చీమలు ఊరికే రావు. శారద సిస్టర్ చువ్వల మధ్య నుంచి అవతలికి తొంగి చూసింది. గోడ మీద తెల్లటి చారికలు ఎండిపోయి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తన చేత్తో కలిపి ఇచ్చిన పొడిపాలన్నీ అక్కడే ఉన్నాయి.

ఆమె వెనకే నిలబడి గోరీ మొగుడు దస్రు కూడా చూశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“గీ పాలు తాగితెనే బరువు పెరుగుతవన్నరు. బరువు పెరిగితెనే ఆపరేషన్ అన్నరు. నువ్వు గోడకు తాపుతున్నవా?” అన్నాడు దస్రు.

గోరీ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

“నిన్నే అడుగుతున్న. సావుకారమ్మ ఇంటి ముంగట రెండు రోజులు కూసోని, దండం పెట్టి అడిగి తెచ్చిన డబ్బాలు గవి. గంగారం అడవిల నుంచి నిన్ను మంచం మీద మోసుకొచ్చింది గోడకు పాలు తాపెతందుకా?”

“జర నెమ్మదిగ, అన్నా. అందరు చూస్తున్నరు,” అంది శారద.

“చూడనియ్యి సిస్టరమ్మా. పోయిన వారం ముప్పై నాలుగు కిలోలు. నిన్న ముప్పై మూడున్నర. ఇట్లనే దిగుకుంట పోతె ఏం మిగుల్తది?”

మిగిలేది ఏమిటో అందరికీ తెలుసు. గోరీకి పేగు టీబీ. పేగు ఒకచోట సన్నబడిపోయి గట్టి తిండి దిగడం లేదు. ఆ ముక్క కోసి తీసేయాలి. కానీ ముప్పై ఐదు కిలోలు దాటితేనే కత్తి పట్టుకుంటానని హన్మకొండ సర్జన్ కచ్చితంగా చెప్పి వెళ్ళాడు. ఈ ఒంటితో బల్ల ఎక్కిస్తే దించడం తన చేతిలో లేదన్నాడు. ఆయన మానుకోటలోని ఈ ధర్మ దవాఖానకు రెండు వారాలకొక బుధవారం వస్తాడు. మళ్ళీ వచ్చే బుధవారానికి పన్నెండు రోజులుంది.

గోరీ దుప్పటి తీసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

“నరేశ్ నాయినా,” అంది మొగుణ్ణి కొడుకు పేరుతో పిలుస్తూ. “నువ్వు ఆడ టెంటుల ఉపాసం కూసుంటివి. నువ్వు మాడుతుంటె నేను తియ్యటి పాలు ఎట్ల తాగుత?”

దస్రు చెయ్యి మెడలోని పూలదండ మీదికి పోయింది.

దవాఖాన ఎదుటి రోడ్డు మీద రిలే నిరాహార దీక్షల శిబిరం ఉంది. సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిదో రోజు. బస్సుల్లేవు, బడుల్లేవు, భూపాలపల్లిలో బొగ్గు బాయిలు ఆగిపోయాయి. అక్కడ పనిచేసే కొడుకు నరేశ్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. ఇవాళ దీక్షలో కూర్చునే వంతు తాండావాళ్ళది. దస్రు మెడలో పూలదండ ఇంకా వాడలేదు.

“నా కోసం ఉన్నవా?” అన్నాడు దస్రు.

“నీ కోసం, తెలంగాణ కోసం,” అంది గోరీ, గోడవైపు తిరుగుతూ.

కోపమంతా ఎటు పోయిందో ఏమో, దస్రు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి శిబిరంలోకి పరిగెత్తాడు. శారద చీమలవైపు చూసింది. ఆమెకు ఎక్కడో లెక్క తప్పుతోంది.

*

పది నిమిషాల్లో మైకు మోగింది. మాట్లాడేది తుల్సీరాం. తాండా బడిలో పంతులు, సమ్మెలో ఉన్నాడు కాబట్టి గొంతుకు తీరిక దొరికింది.

“దవాఖాన మంచం మీద పండుకోని గూడ తెలంగాణ కోసం అన్నం ముట్టని అక్క మన గోరీ అక్క. పానం పోతదన్నా పాల చుక్క తాగుతలేదు. ఆ అక్కను జూసి సిగ్గుపడాలె ఢిల్లీల కూసున్నోళ్ళు.”

చప్పట్లు వార్డు దాకా వినిపించాయి. ఆ వెనకే బంతిపూల దండ పట్టుకుని నలుగురు మనుషులు వచ్చారు. గోరీ మెడలో దండ వేసి, దండం పెట్టి, ఒకాయన కళ్ళు కూడా తుడుచుకుని వెళ్ళాడు. గోరీ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఐదో మంచం మీద వజ్రమ్మ ఉంటుంది. బచ్చన్నపేట ముసలామె, ఊపిరితిత్తుల జబ్బు, ఎముకల గూడు. నోరు మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు.

“సిస్టరమ్మా, ఒక మాట చెప్పు. దస్రు పొద్దున్నుంచే గద ఉపాసం? గోడ మీద పాలు పదొద్దుల సంది ఎండుతున్నయి. చీమలు ముందే సమ్మెకు దిగినయా ఏంది?”

శారదకు లెక్క ఎక్కడ తప్పిందో దొరికింది.

ఆమె మందుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. డబ్బాలోంచి ఆరు చెంచాల పొడి తీసి గోరువెచ్చటి నీళ్ళలో కలిపింది. రోజూ కలిపినట్టే. గ్లాసు ఎత్తి తాగింది. మొదట తీపి, ఆ వెంటనే ఐస్‌క్రీం బండి పక్కన నిలబడితే వచ్చే వాసన, తర్వాత అంగిట్లో జిడ్డు. నాలుగో గుక్కకు గొంతు మూసుకుంది. రెండు నెలలుగా ఈ గ్లాసులు పట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో అమ్మ వండిన చింతపండు చారుకు ఉప్పు చాలలేదని రోజూ తగువు పడే మనిషి, ఈ పాలు ఒక్కనాడు నాలుక మీద పెట్టుకోలేదు. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

తిరిగి వచ్చి నాలుగో మంచం చుట్టూ తెర లాగి, గోరీ పక్కన కూర్చుంది.

“అక్కా, నేను తాగి చూసిన. సగం గ్లాసు గూడ దిగలే.”

గోరీ చటుక్కున ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు అప్పుడు తిరిగాయి.

“నీకు గూడ దిగలేదా బిడ్డా?”

“దిగలే.”

“గోలీలు మింగినంక నోరంత ఇనుము నాకినట్టుంటది. దాని మీద గా తీపి పడంగనె కడుపుల నుంచి ఎగదన్నుకొస్తది. ఒకపారి తాగిన, రెండుపార్లు తాగిన. వాంతికి వచ్చింది. మూడోపారి కిటికీకి పోసిన.”

“మరి నాకు చెప్పొద్దా అక్కా?”

“ఎట్ల చెప్పాలె? మా తాండల పెట్టిన తిండికి వంక పెట్టరు. మా యాడి, గదే మా అమ్మ, అన్నం బాగలేదన్న నోరు మీద కొట్టేది. ఇష్టం లేకుంటె కడుపు నిండిందని లేస్తం, గంతే. ఈడ కడుపు నిండిందంటె మరి బరువేదని అడుగుతరు. సావుకారమ్మ ఇచ్చింది, నువ్వు కలిపి తెచ్చినవు, నరేశ్ నాయిన దండం పెట్టి అడిగిండు. ఇంతమంది చేతులు పడ్డ తిండి బాగలేదని ఏ నోటితోని అనాలె?”

చెప్తే మానం పోతది, చెప్పకపోతే ప్రాణం పోతది అంటారే, గోరీది అచ్చంగా అదే సంకటం.

“ఇగ ఈ ఉపాసం మాటేంది?”

గోరీ మెడలోని బంతిపూల దండ పట్టుకుంది. “ఒక్క అబద్ధమాడి తప్పించుకుందామనుకున్న. గది దండయి నా మెడల్నె పడ్డది. ఇప్పుడు నేనేం తాగినా ఆయన ఇజ్జత్ పోతది.”

“అక్కా, ఏం తాగబుద్దయితది నీకు? నిజం చెప్పు.”

గోరీ కళ్ళు మూసుకుంది. “పుల్లటి జొన్న అంబలి. సల్లగ. ఇంత ఉప్పేసి.”

ఆ మాట అంటుంటేనే ఆమె గుటక వేసింది. ఆ గుటక శారద చూసింది.

*

మర్నాడు పొద్దున సావుకారమ్మ వనమాల ఆటోలో రెండు కొత్త డబ్బాలు పెట్టుకుని దిగింది. మానుకోటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి దత్తాత్రేయ భార్య, పుట్టిల్లు జనగామ. ఈ దవాఖానను నడిపేది వాళ్ళ ట్రస్టే. మంచి మనిషి, కాకపోతే తన మంచితనం తనకు తెలిసిన మనిషి.

“ఏంది శారదా, మా వార్డుల ఉపాసమట? ఊరంత చెప్పుకుంటున్నరు. ఆమెకేమన్న అయితె మాట ఎవరికొస్తది?”

“ఉపాసం సంగతి ఉండనియ్యుండ్రి అమ్మా. పాలు బాగలేవు.”

వనమాల డబ్బా తిప్పి తేదీ చూసింది. “పాడయినయా?”

“పాడు కాలే. రుచి బాగలేదు.”

“రుచా? ఇది మందు లెక్క. దానానికి రుచులేంది? లేనోళ్ళకు కడుపు నిండాలె గని.”

“కడుపుల పడితె గద అమ్మా నిండేది. గోరీ నోరు పుల్లటి జొన్న అంబలి అడుగుతున్నది.”

“నువ్వు గూడ గిట్లనె మాట్లాడుతవా? డాక్టరు రాసిన పేరు చూసి, వరంగల్ దాక కారు పంపి తెప్పిస్తున్నం. సమ్మెల గూడ ఆపలే.”

శారద కొత్త డబ్బా మూత తీసింది. తర్వాత అడిగేసింది. “మీరెప్పుడన్న నోట్లె వేసుకోని చూసిండ్రా?”

వనమాల ముఖం ఎర్రబడింది. “నైవేద్యం పెట్టేది, దానమిచ్చేది మా ఇంట్ల ముందుగాల నాలుక మీద పెట్టం. ఎంగిలయితది. పెండ్లయి వచ్చిన మొదటి రోజే మా అత్తమ్మ చెప్పింది.”

“మీరు ముందుగాల రుచి చూడరు. వాళ్ళు తినంగ వంక పెట్టరు. నడుమ ఆ గోడ తాగుతున్నది అమ్మా.”

అన్నాక శారదకు భయం వేసింది. ఉద్యోగం పోయే మాట అది. అయినా చేతులు ఆగలేదు. గ్లాసులో పాలు కలిపి వనమాల ముందు పెట్టింది.

వనమాల గ్లాసును చూసింది, శారదను చూసింది. పంతానికి గ్లాసు ఎత్తి పెద్ద గుక్క తీసుకుంది. అంతే. మింగలేక కక్కలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఎట్లాగో మింగింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

“రెండు నెలల నుంచి గిదే ఇస్తున్నమా?”

“గిదే ఇస్తున్నం.”

“ఒక్కరన్న ఏమనలేదా?”

“దండం పెట్టిండ్రు.”

వనమాల గ్లాసు బల్ల మీద పెట్టింది. వార్డులోకి వెళ్ళి పది మంచాలనూ ఒకసారి చూసింది. వజ్రమ్మ అలవాటుగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండం చూడలేక వనమాల వెనక్కి తిరిగి ఆటో ఎక్కింది. వెళ్తూ వెళ్తూ పొడి డబ్బా ఒకటి తనతో తీసుకుపోయింది.

తన ఉద్యోగం పోయిందనే శారద అనుకుంది. ఆ రోజంతా గోరీకి తెర చాటున మజ్జిగ నీళ్ళు పట్టిస్తూ గడిపింది. సాయంత్రం బరువు చూస్తే ముప్పై మూడు కిలోల నాలుగు వందలు.

*

ఆదివారం దవాఖాన ముందు రోడ్డంతా వంటావార్పు. తారు రోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యిలు వరసగా పెట్టారు. ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు నడిరోడ్డున బియ్యం కడుగుతున్నారు. పచ్చిపులుసు వాసన, కట్టెల పొగ, పక్కన బతుకమ్మకు పేర్చడానికి తెచ్చిన తంగేడు పూల గంపలు. ఇంటి వంట రోడ్డెక్కితే ప్రభుత్వాలు కదులుతాయో లేదో గానీ, వార్డులో రోగులు మాత్రం కదిలారు. కాలు కదిపే ప్రతి మనిషీ వరండాలోకి వచ్చి కూర్చుంది. శారద గోరీని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చింది.

తుల్సీరాం ఇదే అదను అనుకున్నాడు. మైకు తీగ వరండా దాకా లాగించి, నిమ్మరసం గ్లాసుతో వచ్చాడు. వెనక దస్రు, చొక్కా ఉతికి వేసుకుని, పెండ్లికొడుకు తండ్రిలా నిలబడ్డాడు.

“ఇప్పుడు మన గోరీ అక్క ప్రజల కోరిక మీద దీక్ష విరమిస్తది. రెండు మాటలు మాట్లాడుతది,” అని తుల్సీరాం మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

గోరీ మైకును చూసింది. జనాన్ని చూసింది. చివరికి దస్రును చూసింది.

“నేను ఉపాసం లేను,” అంది.

మైకు ఆ మాటను రోడ్డు చివరి దాకా తీసుకుపోయింది. పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు తలలెత్తారు.

“తెలంగాణ నాకు గూడ రావాలె. గని నేను ఉపాసం లేను. ఈడ ఇచ్చే పాలు నా నాలుకకు ఎక్కలే. వాంతికొస్తది. చెప్పెతందుకు సిగ్గయ్యి కిటికీల నుంచి పారబోసిన. మా ఆయన అడిగితె అబద్ధమాడిన. ఆయన తప్పు లేదు, ఆయన నమ్మిండు.”

దస్రు తల అలా కిందికి దిగిపోయింది. తుల్సీరాం చేతిలో నిమ్మరసం ఉంది, ఏం చేయాలో తెలియలేదు.

అప్పుడు వరండా మూలనుంచి వజ్రమ్మ దగ్గుకుంటూ లేచింది. “నాయి గూడ గవే పాలు. నేను తాగుతలేను. పిల్లి తాగుతున్నది. చూడుండ్రి ఎంత మంచిగ బలిసిందో.”

“నేను పక్క మంచమామె మనుమనికి తాపుతున్న,” అంది ఏడో మంచం.

“నేను బాత్‌రూంల పోస్తున్న సిస్టరమ్మా, ఏమనుకోకు,” అంది రెండో మంచం.

ముందు పొయ్యిల దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత రోడ్డంతా నవ్వింది. తుల్సీరాం కూడా నవ్వి, మైకు తన వైపు తిప్పుకున్నాడు. పంతులు బుర్ర పాదరసం.

“మన మాట బాగలేదని సినిమాలల్ల నవ్వితె ఇన్నేండ్లు పడినం. మన నోటికి ఏది బాగలేదో మనం చెప్పొద్దా? గోరీ అక్క చెప్పింది. ఇగ మనకు మంచిగుండేది మనమే వండుకుందాం.”

చప్పట్లు మొన్నటికంటే గట్టిగా మోగాయి. ఆ చప్పట్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ ఒకామె వస్తోంది. ఖరీదైన చీర, నెత్తి మీద మట్టికుండ. మానుకోటలో వనమాల నెత్తిన కుండ ఎత్తుకోవడం అదే మొదటిసారి.

కుండ దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆమె నేరుగా గోరీ ముందు కూర్చుంది.

“జొన్న పిండి నానబెట్టి పులియబెట్టిన. పలుచగ కాచి సల్లార్చిన. మజ్జిగ, ఉప్పు, ఏంచిన జీలకర్ర. ఆ పొడంత దాంట్లనే ఉన్నది. నాలుగుపార్లు పాడయింది, ఐదోపారి కుదిరింది. పొద్దున్నుంచి పదిమార్లు నాలుక మీద పెట్టిన. మా అత్తమ్మ పటంల నుంచి గుడ్లురిమి చూస్తనే ఉన్నది,” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “బాగలేకుంటె బాగలేదని చెప్పు గోరీ. దండం మాత్రం పెట్టకు.”

టీ గ్లాసులో సగం పోసి ఇచ్చింది. గోరీ వాసన చూసింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. ఇంకో గుక్క. గొంతు కదిలింది. రోడ్డు మీద వందల మంది ఒక ఆడమనిషి గుటకలు లెక్కపెడుతూ నిలబడ్డారు.

గ్లాసు ఖాళీ అయింది. గోరీ ఖాళీ గ్లాసు వనమాల ముందుకు చాపింది.

“జర ఉప్పు తక్కువైంది. ఇంకింత పొయ్యి,” అంది.

జీవితంలో మొదటిసారి గోరీ ఒకరు పెట్టిన తిండికి వంక పెట్టింది. వనమాల ముఖం వెలిగిపోయింది.

శారద సంతోషం పట్టలేక దస్రు కోసం చూసింది. దస్రు అక్కడ లేడు.

*

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. వజ్రమ్మకు మిరియాల చారులో కలిపితే దిగింది. రెండో మంచం కాఫీలో అడిగింది. వనమాల రోజూ పదకొండింటికి వచ్చి, మంచం మంచానికీ తిరిగి, నిన్నటిది ఎట్లుందని అడిగేది. బాగుందంటే నమ్మేది కాదు.

శారద ఇంకో పని చేసింది. పెద్ద గ్లాసులు ఎత్తేసింది. గోలీలు ఇచ్చేటప్పుడు చిన్న టీ గ్లాసు, రక్తపోటు చూసేటప్పుడు ఇంకోటి, దుప్పటి మార్చేటప్పుడు ఇంకోటి. రోజుకు పదిసార్లు. తాగు అని చెప్పేది కాదు, చేతిలో పెట్టి పక్కనే నిలబడేది. నిండు గ్లాసు చూస్తే భయపడే పేగు, రెండు గుక్కలకు భయపడలేదు. డాక్టరు కూడా ఫోనులో సరేనన్నాడు. పొడి లోపలికి పోతే చాలు, ఏ దారిన పోతేనేం అన్నాడు.

చీమలు మూడో రోజుకు వెళ్ళిపోయాయి. పిల్లి అలిగింది. గోరీ బరువు ముప్పై మూడున్నర, ముప్పై నాలుగు. దసరా దాటాక ముప్పై నాలుగుకు పైన.

దస్రు మాత్రం మాట్లాడలేదు. నీళ్ళ చెంబు తెచ్చి పెట్టి, శిబిరంలో పడుకునేవాడు. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. ఐదో రోజు గోరీయే కదిపింది.

“ఎన్ని రోజులు గిట్ల?”

“నన్ను పదిమందిల నవ్వులపాలు చేసినవ్.”

“నవ్విండ్రు. మంచిగనే నవ్విండ్రు గద.”

“నేను మైకుల చెప్పుకున్న నిన్ను.”

“నేను గూడ మైకులనె చెప్పిన. చాటుకు చెప్పలే.”

దస్రు చెంబు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చివరికి అసలు మాట బయటికి వచ్చింది. “పాలు దిగుతలేవని నాకన్న చెప్పలేదేందే? ఇరవై ఏండ్లు ఒక్క పళ్ళెంల తిన్నోణ్ణి.”

గోరీ చెయ్యి చాపి అతని చొక్కా అంచు పట్టుకుంది. దస్రు విడిపించుకోలేదు.

సోమవారం బరువు ముప్పై నాలుగు కిలోల ఆరు వందలు. రెండు రోజుల్లో ఇంకో నాలుగు వందల గ్రాములు పెరగాలి. దస్రు బయటికి వెళ్ళి భూపాలపల్లికి ఫోను కలిపాడు.

“నరేశ్, తాండకు పోయి మన పెట్టెల ఉన్న మూట తీసుకోని రా. ఏం మూట అని అడగకు.”

*

బుధవారం సర్జన్ అంబులెన్సులో వచ్చాడు, బస్సులు లేవు కాబట్టి. బరువు యంత్రం వార్డు మధ్యలో పెట్టారు. పాతకాలపు ముల్లు యంత్రం. పది మంచాలవాళ్ళూ దాని చుట్టూ చేరారు. వనమాల కుండతో సహా వచ్చింది. రాత్రంతా మోటారుసైకిల్ నడిపిన నరేశ్ గుమ్మం దగ్గర ఎర్రటి కళ్ళతో నిలబడ్డాడు.

గోరీ తెర వెనక నుంచి వచ్చింది. మామూలు కంటే నెమ్మదిగా అడుగులు వేస్తోంది. అద్దాల లంగా కింద ఏదో మెత్తగా తగులుకుంటున్న చప్పుడు. శారద ఆమె కాళ్ళవైపు చూసింది, తర్వాత దస్రు ముఖం చూసింది. దస్రు చూపు తప్పించుకున్నాడు.

యంత్రం ముందు గోరీ ఆగింది. తర్వాత నేల మీద కూర్చుంది.

“యాడీ, ఏమయింది?” అన్నాడు నరేశ్.

గోరీ లంగా జరిపి, కాలికి గుడ్డ చుట్టి కట్టిన వెండి కడియం విప్పింది. పెండ్లినాటిది, అరచేతి మందం. రెండోది విప్పింది. రవిక లోపల దాచిన రూపాయి బిళ్ళల దండ తీసింది. భుజాల దాకా ఉన్న గాజుల జోలికి వెళ్ళలేదు. అవి మొదటి రోజు తూకంలోనూ ఉన్నవే, మొగుడు బతికుండగా ఏ తాండా ఆడదీ తీసేవి కావు. కడియాలూ దండా మాత్రం తీసి దస్రు చేతుల్లో పెట్టింది.

“గవి తీస్తె నువ్వు తప్పుతవే,” అన్నాడు దస్రు. “ఈసారి తప్పితె మళ్ళ రెండు వారాలు. అన్ని రోజులు నువ్వు…”

కడియాలు మళ్ళీ ఆమె ముందుకు చాపాడు.

“ఒక్క అబద్ధం మొయ్యలేకనె సగమైన. ఇప్పుడు రెండు కాళ్ళకు రెండు కట్టుకోని బల్ల ఎక్కాల్నా?” అంది గోరీ. “నేను తాగిన. ఎంత తాగిన్నో నాకెరుక. చూద్దాం.”

లేవడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి దస్రే పట్టుకున్నాడు.

గోరీ యంత్రం ఎక్కింది. ముల్లు ఊగింది. ముప్పై ఆరు దాకా పోయి, ముప్పై నాలుగు దాకా వెనక్కి వచ్చింది. వజ్రమ్మ దగ్గు కూడా ఆపుకుంది. ముల్లు ఇంకోసారి ఊగి, మెల్లగా సర్దుకుని నిలిచింది. శారద వంగి చూసింది. మళ్ళీ చూసింది.

“ముప్పై ఐదు,” అంది. “ముప్పై ఐదు కిలోల రెండు వందలు.”

వార్డంతా గొల్లున నవ్వింది. వనమాల నరేశ్‌ను పట్టుకుని ఏడ్చేసింది, అతనెవరో కూడా ఆమెకు తెలియదు. రోడ్డు మీద తుల్సీరాం మైకులో అంకె మోగింది, జై తెలంగాణ అని జనం జవాబిచ్చారు. ఆ పూట మానుకోటలో అంతకంటే పెద్ద గెలుపు లేదు.

సర్జన్ ముల్లును తనే వంగి చూసుకుని, కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఏం మందు వాడిన్రు సిస్టర్?”

“ఉప్పు సార్,” అంది శారద.

ఆయన నవ్వి, కాగితం మీద రాశాడు. “నేను ఇక్కడే ఆగుతాను. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్. ఈ రాత్రి పది నుంచి ఏమీ ఇవ్వొద్దు. నీళ్ళు కూడా. చిన్న ఆపరేషన్ కాదు, ఇంటివాళ్ళకు అన్నీ చెప్పి సంతకం తీసుకోండి.”

ఆ మాటతో నవ్వులు కొంచెం తగ్గాయి. వనమాల నింపి పట్టుకున్న టీ గ్లాసు గోరీకి అందించింది. గోరీ చివరి చుక్క దాకా తాగి, మంచం మీద కూర్చుంది.

“నరేశ్ నాయినా, టెంటుకాడికి పోయి చెప్పు. ఈ రాత్రి ఉపాసం నిజంగనె ఉంటున్న.”

దస్రు వెళ్ళలేదు. కడియాలు ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పొద్దున ఎనిమిది దాకా తనకు కూడా ఏమీ ఇవ్వొద్దని శారదకు చెప్పాడు.